తాగించిన కాగితం

"వాడింక రాలేదేందయ్యా? ఏ లారీ అన్న గుద్దిందా ఏంది? కోరుట్ల రోడ్డు మీద లారీలు ఎట్ల అత్తున్నయో నువ్వు సూత్తలేవ్."

ప్రేమలత ఈ మాట అనేటప్పటికి గోడ మీద గడియారం ఆరున్నర చూపిస్తోంది. అజయ్ రోజూ ఇంటికొచ్చేది ఏడింటికి.

"వాడచ్చే యాళ్లనే గాలేదు, గప్పుడే లారీ కింద పండవెట్టినవా?" అన్నాడు వెంకటి. వాకిట్లో గొంతుక్కూర్చుని, చెక్క మీద రాతిపొడి చల్లి గీత కత్తి నూరుతున్నాడు.

మంచం మీద నుంచి మొగిలవ్వ బోసినోటితో నవ్వింది. "పెండ్లయి అచ్చిన కాన్నుంచి నా కొడుకునైతే రోజుకు రెండుమాట్ల తాటిచెట్టు మీదికెల్లి పడగొడ్తది. వాడు దున్నపోతు తీరు తిరుగుతనే ఉన్నడు."

"నవ్వుండ్రి. నా బాధ నాది," అంది ప్రేమలత, ఒళ్లో బీడీల చేట సర్దుకుంటూ. నానబెట్టి కత్తిరించిన తునికాకు ఎడమ చేతిలో ఉంది. కుడిచేతి వేళ్లు తంబాకు చల్లి, చుట్టి, కొస మడిచి, దారం బిగిస్తున్నాయి. ఆ వేళ్లకు కళ్లతో పని లేదు. కళ్లు కోరుట్ల రోడ్డు మలుపు మీదనే ఉన్నాయి.

ఆమెకు ఇంకో బెంగ కూడా ఉంది. పదిహేను రోజులుగా అత్త నిద్రలో ఉలిక్కిపడి కేకలు పెడుతోంది. ఏదో చూసి జడుసుకుందని ప్రేమలత అనుమానం. కోరుట్లలో దర్గా దగ్గర సాబు ఒకాయన కాగితం రాసిస్తాడు. తెల్లవారగానే, పరగడుపున, దాన్ని నీళ్లలో నానబెట్టి తూర్పుముఖంగా తాగిస్తే జడుపు పోతుంది. ప్రేమలత తల్లి తాగించింది. ఆ తల్లికి ఆమె తల్లి తాగించింది. అజయ్ పనిచేసేది కోరుట్లలోనే, కొరియర్ ఆఫీసులో. మూడు రోజులుగా కొడుకు చెవిలో ఇదే పోరు.

ఏడింటికి అజయ్ బండి వచ్చి ఆగింది. ఇరవై రెండేళ్ల పిలగాడు చెప్పులు విప్పకముందే ఫోనులో తల దూర్చాడు.

"పోయినవార సాబు కాడికి?"

"పోయిన తియ్."

"మరేది?"

"ప్యాంటుల ఉంటది. పొద్దుగాల ఇత్త. జరసేపు ఊకోరాదే అమ్మా."

అబద్ధమాడినా ఆ క్షణానికి తల్లి నోరు మూతపడింది. వాడికి కావలసింది అంతే.

సోమవారం పొద్దున వాడు వేరే ప్యాంటు వేసుకుని ఆరున్నరకే వెళ్లిపోయాడు. వెంకటి చెట్టెక్కే మోకుతాడు భుజాన వేసుకుని చెట్లకు పోయాడు. కొడుకు విడిచిన బట్టలు నానబెట్టబోతూ ప్రేమలత అలవాటుగా జేబులు వెతికింది. కొడుకు జేబులు వెతకని రోజు లేదు ఆమెకు. సిగరెట్టు దొరుకుతుందేమో, పిల్ల ఫొటో దొరుకుతుందేమో, ఏ అప్పు చీటీయో దొరుకుతుందేమోనని గుండె చేతిలో పట్టుకునే వెతుకుతుంది. ఆ రోజు లోపలి చిన్న జేబులో వెండిరేకు మడత దొరికింది. విప్పితే చిటికెనవేలి గోరంత కాగితం. దాని మీద చక్రాల్లో చక్రాలు, నీలం, ఎరుపు, పసుపు.

'మరిచిపోయిండు బిడ్డ' అనుకుంది. ఎన్నడూ లేనిది ఆ ఒక్క పూట ఆమెకు భయం వేయలేదు.

గతంలో సాబు కుంకుమపువ్వు నీళ్లతో గీతలు రాసిచ్చేవాడు. ఇప్పుడు రంగుల అచ్చు వేయించాడు గావచ్చు. పెళ్లి కార్డుల నుంచి దినాల కార్డుల దాకా అన్నీ అచ్చయిపోయిన రోజుల్లో ఇదేమి వింత? కుండలో నీళ్లు స్టీలు గ్లాసులోకి వంచింది. కాగితం వేసి, అది మెత్తబడేదాకా మనసులో దండం పెట్టుకుంది. అత్తను లేపి, మొహం కడిగి, తూర్పు తిప్పి కూర్చోబెట్టింది.

"కాగితం గూడ మింగు అత్తా. ఊంచకు."

మొగిలవ్వ పసిపిల్లలా మింగింది. "చప్పగున్నది పొల్లా," అంది.

*

గంటసేపు ఏమీ లేదు. ప్రేమలత మూడు కట్టలు చుట్టింది. మొగిలవ్వ పక్కన కూర్చుని ఆకు ఈనెలు తీస్తోంది. ఉన్నట్టుండి చేయి ఆపి, ఆకును మొహం దగ్గరికి తెచ్చుకుంది.

"పిల్లా, ఆకు ఊపిరి తీసుకుంటాంది."

"ఏందత్తా?"

"సూడు. పొంగుతాంది, తగ్గుతాంది."

నవ్వింది. చేటలోని బీడీలన్నీ ఎటో నడుస్తున్నాయని నవ్వింది. గోడ మెత్తగా ఉందని చేయి ఆనించి నవ్వింది. ఆ నవ్వు చూసి ప్రేమలత కూడా కొంచెం నవ్వబోయింది. అంతలో ముసలామె తల పైకెత్తింది. వాకిలి దాటి, కరెంటు స్తంభం దాటి, దూరంగా తాటిచెట్ల తలలు కనిపిస్తాయి అక్కడి నుంచి.

"మీ మామ పడుతుండు," అంది మెల్లగా. తర్వాత అరిచింది. "పడుతుండే! పట్టుండ్రి!"

ప్రేమలత మామ తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆ రోజు మొగిలవ్వ నాటుకు పోయి ఉంది. మనిషి పడటం ఆమె చూడలేదు. చాపలో చుట్టి తెచ్చాకనే చూసింది. ఇప్పుడు, డెబ్బై ఏళ్ల వయసులో, ఆ చూడనిది చూస్తోంది.

"మల్ల ఎక్కిండు. మల్ల పడుతుండు. వద్దయ్యా, ఎక్కకు. అగో, మల్ల ఎక్కిండు."

పడిన ప్రతిసారీ ఆమె రెండు చేతులూ చాపి రోడ్డు మీదికి ఉరికింది. పక్కింటి రజిత వచ్చి నడుం పట్టుకుంటే ఆమె ముంజేయి కొరికింది. వాడ వాడంతా పోగయింది.

"పొద్దుగాల్నే కల్లు పట్టిచ్చిండ్రా ఏంది?" అంది రజిత, చేయి రుద్దుకుంటూ.

"మత్తుగోలీలు కలిపిన మందు కల్లే ఇది. నేను జూసిన గీ లక్షణాలు," అన్నారెవరో.

ఆటోలో జగిత్యాలకు తీసుకుపోయారు. అక్కడ దవాఖానాలో నలుగురు పట్టుకుంటే గానీ సూది వేయడానికి చేయి దొరకలేదు. పడుచు డాక్టరు ఒకతను అడిగాడు.

"ఏం తాగింది?"

"ఏం తాగలే సార్."

"ఇంట్లో ఏం పని చేస్తరు మీరు?"

"మా ఆయన చెట్లెక్కుతడు సార్. గౌండ్లోళ్లం."

అంతే. డాక్టరు 'ఓహో' అన్నట్టు తలాడించాడు, 'కల్తీ కల్లు' అని పెన్ను గబగబా కదిలింది. కాగితం సంగతి ప్రేమలత చెప్పలేదు. దాచాలని కాదు. తాయెత్తుల ముచ్చట డాక్టరు ముందు తీస్తే తిట్టి పంపిస్తారని ఆమెకు అనుభవం. పైగా, తాగించేటప్పుడు తన వల్ల ఏదో మైల తగిలి మంత్రం తిరగబడిందేమోనని లోపల ఒకటే వణుకు.

చీకటి పడుతుండగా మొగిలవ్వ అరుపులు ఆగాయి. తెల్లారి ఇంటికి తెచ్చారు. మనుషులను గుర్తుపట్టింది, గంజి తాగింది. కానీ తల మాత్రం ఎత్తలేదు. వాకిట్లోకి వచ్చినా కొంగు కళ్ల మీదికి లాక్కుని, నేల చూస్తూనే నడిచింది.

*

మంగళవారం పొద్దెక్కాక కల్లు అమ్మే మండువ దగ్గరికి, డాక్టరు రాసినదాన్ని బట్టి, ఆబ్కారోళ్ల ఎక్సైజు జీపు వచ్చింది. కబురు తెలిసి ప్రేమలత చేట విసిరేసి ఉరికింది. అప్పటికే వెంకటి లొట్లు, కల్లు కుండలు, వరసగా పగులుతున్నాయి. కల్లు తెల్లగా నురగ కట్టి మట్టిలోకి ఇంకుతోంది. రెండు సీసాల్లో పట్టి సీలు వేశారు.

వెంకటి చెట్టు దిగి అలాగే నిలబడ్డాడు. నడుముకు మోకు ఉంది, చేతిలో కత్తి ఉంది. ఊళ్లో అందరికంటే వెంకటి కల్లు ఆలస్యంగా ఎక్కుతుందని తాగేవాళ్లే ఎగతాళి చేస్తారు. "నీ కల్లు తాగుతె నిద్ర గూడ రాదు వెంకటీ, జర గోలీ కలుపు," అంటారు. "నిద్ర గావాలంటె నీ పెండ్లాం జోల పాడుతది, పో," అంటాడు అతను. కలిపే మనిషి కాదు. ముప్పై ఏళ్లుగా కలిపే మనిషి కాదు.

"రిపోర్టు అచ్చేదాక చెట్లు ఎక్కద్దు," అన్నాడు ఆబ్కారీ సారు.

"తల్లికే మందు కల్లు పోసిండట," అన్నది గుంపులో నుంచి ఒక గొంతు. నిన్నటిదాకా ఆ లొట్ల ముందు కూర్చున్న గొంతే. వెంకటి అటు తిరిగి చూశాడు. అప్పటి నుంచి ఇంట్లో అతనికి మాట పడిపోయినట్టే అయింది.

ఆ సాయంత్రం అజయ్ అన్నం ముందు కూర్చున్నాడు. ప్రేమలత పచ్చిపులుసు పోస్తూ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"దేవుడు గూడ మననే సూసిండు బిడ్డా. నువ్వు సాబు కాడ తెచ్చిన కాగితం గూడ తాగిపిత్తి. ఏం ఫాయిదా లేకపాయె."

అజయ్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏ కాగితం?"

"ఎండిరేకుల మడతపెట్టి ఉండె. నీ ప్యాంటు జేబుల."

"మొత్తం తాగిపిచ్చినవా?"

"మొత్తం గాక సగం తాగిపిత్తరార?"

కంచం తోసేసి ఇంటి వెనక్కి పరుగెత్తాడు. ప్రేమలత వెళ్లేసరికి బట్టల బండ దగ్గర వంగి కక్కుకుంటున్నాడు. ఆమె వీపు మీద చేయి వేయలేదు. ఎన్నేళ్లుగానో తాను ఎదురుచూస్తున్న చెడ్డ కబురు వచ్చేసిందని ఆమెకు అర్థమైంది.

"ఏమున్నదిరా దాంట్ల?"

"మందు."

"ఏం మందు?"

"నాలుక మీద పెట్టుకుంటె లేనియి కనవడుతయ్. శ్రీకాంత్‌ది. నాకు ఒక్కటి ఊకెనే ఇచ్చిండు."

శ్రీకాంత్ అంటే కరుణాకర్ రావు దొర కొడుకు. హైదరాబాద్‌లో చదువుకుంటాడు, నెలకు రెండుసార్లు వస్తాడు. పార్సిళ్లు అజయ్ పేరు మీద కోరుట్ల ఆఫీసుకు వస్తాయి. కవరు మీద పెళ్లి శుభలేఖలని ఉంటుంది. అజయ్ తీసుకుని అతనికి అప్పజెబుతాడు. అతను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దోస్తులకు అమ్ముకుంటాడు. తుంపులు తుంపులుగా కొడుకు నోట్లో నుంచి ఇది లాగేసరికి బాగా రాత్రయింది.

"ఒక్కటి ఎంత?"

"మూడు వేలు."

గోరంత కాగితం. తను పన్నెండు రోజులు మెడ ఎత్తకుండా చుడితే వచ్చే పైసలు. అత్త నోట్లో అది వేసి, తూర్పు తిప్పి, మింగమని చెప్పింది తన చేతులతో. ప్రేమలత ఆ చేత్తోనే కొడుకు చెంప పగిలేలా కొట్టింది.

"నువ్వు గూడ తిన్నవార?"

తల అడ్డంగా ఊపాడు.

"ఎన్నిమాట్ల తెచ్చిచ్చినవ్?"

గోడకు అవతల ఎవరో కాళ్లు కడుక్కుంటున్న నీళ్ల చప్పుడు ఠక్కున ఆగింది. ప్రేమలత గొంతు తగ్గించింది. ఒక్క రెప్పపాటులో కోపం పక్కకు పోయి, పాత భయం మళ్లీ వచ్చి కూర్చుంది. పోలీసులు, సంకెళ్లు, పేపర్లో ఫొటో.

బుధవారం తెల్లారేసరికి అజయ్‌ను సిరిసిల్ల బస్సు ఎక్కించింది. అక్కడ ఆమె అన్న దివాకర్ సాంచాలు నడిపిస్తాడు, బట్ట నేసే మరమగ్గాలు.

"మామ కాడికి పంపిన. అక్కడేదో పనుందట," అంది వెంకటితో.

వెంకటి ఆమె మొహంలోకి చూశాడు. ఏం పనని అడగలేదు.

*

గురువారం పొద్దున ప్రేమలత దొర ఇంటికి పోయింది. దొరల కోట, గడి, ఎప్పుడో కూలిపోయింది. ఇప్పుడు రైసుమిల్లు పక్కన రెండంతస్తుల ఇల్లు. వరండాలో దొరసాని రంగనాయకమ్మ వారం రోజుల గోలీలు అరల డబ్బాలో సర్దుతోంది, భర్త బీపీ గోలీలు.

"శ్రీకాంత్ బాబు ఉన్నడా అమ్మా?"

"నిన్న పొద్దుగాల్నే హైదరాబాద్ పాయె. ఏం పని?"

ప్రేమలత మెట్ల మీదనే నిలబడి అంతా చెప్పింది. కాగితం అంది, పార్సిల్ అంది, అత్త అరుపులు చెప్పింది. రంగనాయకమ్మ వేళ్లు ఒక అర మీద ఆగాయి. తర్వాత డబ్బా మూత టక్కున పడింది.

"మావాడు గసొంటోడు కాదు."

ప్రేమలత ఆమెనే చూస్తూ ఉండిపోయింది. మొదటిసారి వింటున్న మనిషైతే 'ఏం కాగితమే?' అని అడుగుతుంది. ఈమె అడగలేదు.

లోపలి నుంచి కరుణాకర్ రావు వచ్చాడు. మెత్తటి మనిషని ఊళ్లో పేరు. "కూసో ప్రేమలతా," అన్నాడు. ఆమె కూర్చోలేదు.

"పరేషాన్ గాకు. వెంకటి పొద్దుగాల్నే నా కాడికి అచ్చిండు. ఒప్పుకుంటనన్నడు."

"ఏం ఒప్పుకుంటడు?"

"కల్లుల గోలీలు కలిపిన అని. రేపు గీత సంఘం కాడ సంతకం పెడ్తడు. నేను ఆబ్కారీ సారుతోని మాట్లాడిన, జైలు గీలు ఉండది. జుర్మాన కట్టి, ఒక్క ఏడాది చెట్లిడిసిపెడితె ఐపోతది. ఎట్లనైనా చెట్లు నా పొలం ఒడ్ల మీదియే గద. ఏడాదైనంక మల్ల ఎక్కుతడు."

ప్రేమలత మెట్టు పక్కన గోడ పట్టుకుంది. గోడవతల ఆగిన నీళ్ల చప్పుడు ఎవరిదో అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్లు గోలీ ముట్టని మనిషి, తల్లికి విషం పోసినవాణ్ణని రాసివ్వబోతున్నాడు. కొడుకు పేరు బయటికి రాకూడదని.

"కలపలేదని మీకు తెల్సుగద దొరా."

"తెల్సుడు ఏరు, కాగితం మీద ఉండుడు ఏరు. డాక్టరే రాసిండు."

"మీ అజయ్ ఏడి?" అని అడిగింది రంగనాయకమ్మ, తల ఎత్తకుండానే.

"సిరిసిల్లకు పోయిండు."

"ఎప్పుడు?"

"నిన్న."

రంగనాయకమ్మ అప్పుడు తలెత్తింది. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే రోజు, ఒకే పొద్దున, ఇద్దరూ ఒకే పని చేశారు. ఆ చూపులో దొరసాని అన్నది అదే. నువ్వూ నేనూ ఒకటే గద, ఇంక లొల్లి ఎందుకు?

ప్రేమలతకు ఒళ్లంతా మంట పుట్టింది. ఇన్నేళ్ల భయంలో ఎప్పుడూ లేని మంట. ఒకటి ఎట్లా అవుతుంది? నీ కొడుకు పోయింది కారులో, కాలేజీకి. నా కొడుకు పోతే వాడి బదులు పోయేది నా మొగుడి పేరు.

ఇంటికి పోలేదు. అటునుంచి అటే బస్సెక్కింది.

సిరిసిల్లలో దివాకర్ సాంచాల షెడ్డు చప్పుడుకు చెవులు గళ్లు పడ్డాయి. ఇరవై సాంచాలు ఒక్కసారిగా దడదడలాడుతున్నాయి. అజయ్ ఒక మూల నూలు కండెలు అందిస్తున్నాడు. జుట్టంతా దూది నుసి. తల్లిని చూసి వెనక్కి ఒక అడుగు వేశాడు.

"మీ బాపు రేపు సంతకం పెడుతుండు!" అని అరిచింది ప్రేమలత. అక్కడ అరవనిదే వినబడదు. "తల్లికి మందు కల్లు తాగిపిచ్చిన అని రాసిత్తడట! నీ కోసం!"

అజయ్ ఇంకో కండె అందుకున్నాడు.

"నేను జెప్త పో! నువ్వు రాకున్న నేను జెప్త! ఏడనో దొరికింది, నేనే తాగిపిచ్చిన అని జెప్త! నన్ను పట్టుకపోనీ!"

కండె చేతిలో పట్టుకుని వాడు అలాగే నిలబడ్డాడు. ఆమె వెనుదిరిగింది. బస్టాండులో జగిత్యాల బస్సు ముందు తలుపు నుంచి ఎక్కి కూర్చుంది. బస్సు కదిలేటప్పుడు వెనక తలుపు దగ్గర చప్పుడైంది. దూది నుసి దులుపుకోకుండానే అజయ్ ఎక్కాడు. దారిలో వేములవాడ దాటింది, జగిత్యాలలో బస్సు మారారు. ఊళ్లో ఇద్దరూ కలిసే దిగారు.

*

శుక్రవారం పదింటికి గీత సంఘం గది ముందు కుర్చీలు వేశారు. సంఘం పెద్ద జలపతి చెమట తుడుచుకుంటూ తిరుగుతున్నాడు. ఒక కుర్చీలో ఆబ్కారీ సారు, ఒక కుర్చీలో కరుణాకర్ రావు. వెంకటి కింద, మోకాళ్లు ముడుచుకుని. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మూడు రోజుల నుంచి ఇంట్లో ఎవరెంత అడిగినా పలకలేదు. రాత్రి కొడుకు ఎదురుగా కూర్చున్నా చూపు తిప్పుకున్నాడు.

సారు రాసింది చదివాడు. "...నా ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. సంతకం పెట్టు, ఇక్కడ."

వెంకటి పెన్ను అందుకున్నాడు.

"కల్లుల ఏం లేదు సార్."

ప్రేమలత తన గొంతు తానే గుర్తుపట్టలేదు. ఆడవాళ్ల గుంపులో నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది. "కల్లుల ఏం లేదు. నేనొక కాగితం తాగిపిచ్చిన మా అత్తకు. మందు కాగితం. సాబు కాగితమనుకున్న."

ఎవరో కిసుక్కున నవ్వారు. జలపతి విసుక్కున్నాడు. "ఏందక్కా, కాగితం తాగితె మనుసులు పిచ్చోళ్లయితరా? పో, ఇంటికి వో."

సారు మాత్రం నవ్వలేదు. పెన్ను మూత పెట్టి ఆమెను పరీక్షగా చూశాడు. "ఎంతుంటది?"

"గోరంత."

"ఎక్కడిది?"

ప్రేమలత నోరు తెరిచింది. ఎక్కడో దొరికిందని చెప్పాలనే వచ్చింది. నాలుక కదలదే.

"నాది," అన్నాడు అజయ్, గోడ వారగా నిలబడి. "నా ప్యాంటుల ఉండె. కొరియర్ల అత్తె నేనే తీసుకున్న. ఒకటి గాదు సార్. ఆర్నెల్ల సంది అత్తున్నయ్. శ్రీకాంత్‌కు ఇచ్చిన. కరుణాకర్ రావు దొర కొడుకు శ్రీకాంత్‌కు."

సారు తెల్ల కాగితం తీశాడు. పెన్ను మూత తీశాడు. 'అజయ్' అని రాయడానికి వంగి, పక్క కుర్చీ వైపు చూశాడు. పెన్ను కాగితం మీద చుక్క పెట్టి అక్కడే ఆగిపోయింది.

కరుణాకర్ రావు గొంతు సవరించుకున్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "పిలగాడు బెదిరిండు, ఏదో అంటున్నడు. వెంకటీ, నువ్వు పెద్దమనిషివి, నువ్వు జెప్పు. గిది రాస్తె ముందుగాల పోయేది నీ కొడుకే. పదేండ్లు పడుతదో ఇరవై ఏండ్లు పడుతదో. నీ సంతకంతోని ఐపోయేదానికి పిలగాని బతుకు ఆగం జేసుకుంటవా? ఆలోచించుకో."

"అవును వెంకన్నా," అన్నాడు జలపతి. "జెప్పు. ఏది రాయమంటవ్?"

సారు కూడా వెంకటి వైపే చూస్తున్నాడు. అతనికీ ఆ జవాబే కావాలి. రాయకుండా ఉండటానికి ఒక మాట కావాలి.

వెంకటి కదల్లేదు. కాయలు కాచిన అరచేతులు మోకాళ్ల మీద బోర్లా ఉన్నాయి. వేళ్ల మధ్య ఇందాకటి పెన్ను. రోడ్డు మీద ట్రాక్టరు ఒకటి వచ్చింది, పోయింది. రజిత కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రేమలత కొడుకును చూసింది, వాడు నేలను చూస్తున్నాడు. ఆమె భయపడని సంగతంటూ ఈ లోకంలో ఏదీ మిగల్లేదు. అయినా మనసులో ఒక్కటే మాట తిరుగుతోంది. చెప్పు, చెప్పు, చెప్పయ్యా. ఏం చెప్పాలని కోరుకుంటోందో ఆమెకే తెలియదు. కరుణాకర్ రావు కుర్చీలో కాలు మీద కాలు మార్చుకున్నాడు. జలపతి రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవడానికి వంగాడు.

వెంకటి పెన్ను నేల మీద పెట్టాడు.

"రాయుండ్రి సార్," అన్నాడు. మూడు రోజులు ఇంట్లో పలకని గొంతు బొంగురుగా వచ్చింది. "ముందుగాల నా కొడుకు పేరే రాయుండ్రి. అజయ్, తండ్రి వెంకటి. రాసినంక దాని కిందనే గా రెండో పేరు గూడ రాయుండ్రి. తండ్రి పేరుతోని సహా. రాసేదాక నేను ఈడికెల్లి లేవ."